మనం చేయని పాపాల కోసం దేవునికి థాంక్స్ చెప్పామా?

  

ఈ రోజు ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. మీరు ప్రార్థనలో దేవునికి దేని కోసం థాంక్స్ చెప్తారు? ఆరోగ్యం కోసం. ఉద్యోగం కోసం. బ్యాక్‌లాగ్ క్లియర్ అయినందుకు. ఇంకొంచెం లోతుగా ప్రార్థన చేసేవాళ్లయితే, చేసిన పాపాలను క్షమించినందుకు. ఇవన్నీ మంచివే. కానీ చేయని పాపాల కోసం ఎప్పుడైనా థాంక్స్ చెప్పారా? అంటే, చేయాలని అనుకున్నారు, చేయడానికి బయలుదేరారు కూడా, కానీ ఏదో అడ్డం వచ్చి చేయలేకపోయారు. ఆ పాపాల కోసం?

నేను చాలాకాలం చెప్పలేదు. అసలు అలా చెప్పాలని కూడా నాకు తెలియదు. నాకు అది నేర్పింది ఒక మేకు. ఆ సంగతి ముందు చెప్తాను.

సర్వీస్ రోడ్డు మీద ఒక రాత్రి

మాది మేడ్చల్ వైపు ఒక ఊరు. మా చిన్నాయన వాళ్లు శామీర్‌పేట దగ్గర ఉంటారు. మీలో ఈ ఏరియా వాళ్లుంటే మీకు తెలుసు, ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక ఇక్కడి భూముల సంగతి ఎట్లా మారిపోయిందో. ఒకప్పుడు జొన్నలు, కూరగాయలు పండిన చేన్లు ప్లాట్లయ్యాయి. రేట్లు పెరిగిన కొద్దీ అన్నదమ్ముల మధ్య మాటలు తగ్గాయి. మా ఇంట్లో కూడా అంతే. తాతగారి భూమి విషయంలో నాయినకీ చిన్నాయనకీ గొడవ మొదలైంది.

ఎనిమిదేళ్ల కిందటి మాట ఇది. ఒక రోజు సాయంత్రం పెద్దమనుషుల ముందు చిన్నాయన మా నాయినను ఒక మాట అన్నాడు. ఆ మాట ఇక్కడ చెప్పను. నాయిన ఏమీ అనకుండా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అన్నం తినలేదు. ఆయన అట్లా కూర్చోవడం చూసి నా లోపల ఏదో తెగిపోయింది.

అప్పటికే నేను బాప్తిస్మం తీసుకుని మూడేళ్లయింది. యూత్ మీటింగ్‌లో పాటలు పాడేవాణ్ణి. అయినా ఆ రాత్రి బోరు దగ్గరుండే ఇనుప రాడ్డు తీసి, తువ్వాలలో చుట్టి, బండికి కట్టుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఔటర్ మీదకి బైకులను రానివ్వరు కదా, సర్వీస్ రోడ్డు పట్టుకుని శామీర్‌పేట వైపు పోతున్నాను. మనసులో ఒకటే. ఈ రోజు తేలిపోవాలి.

సగం దారిలో వెనక టైరు పంక్చర్ అయింది.

నేను ఏం చేశానో తెలుసా? దేవుణ్ణి తిట్టాను. నిజంగా. "నా పని ఒక్కటన్నా సక్కగ కానియ్యవా?" అన్నాను. బండి నెట్టుకుంటూ పోతే, ఒక బల్బు వెలుగుతున్న పంక్చర్ షాపు కనిపించింది. ఒక పెద్దాయన షట్టర్ దించబోతున్నాడు. బతిమిలాడితే ఆగాడు.

"ఏం తమ్మీ, గింత రాత్రి ఏడికి పోతున్నవ్?" అన్నాడు.

"పని ఉంది" అన్నాను. ఆయన తువ్వాల వైపు ఒకసారి చూశాడు. ఇంకేం అడగలేదు. టైరు విప్పి, ట్యూబు తీసి, నీళ్ల టబ్బులో ముంచి, బుడగలు ఎక్కడ వస్తున్నాయో మెల్లగా వెతికాడు. నాకు ఒక్కో నిమిషం ఒక్కో గంటలా ఉంది. అప్పుడే అమ్మ ఫోన్ చేసింది. "యాడున్నవ్ బిడ్డా? నువ్వు రాలేదని నాయిన ఇంకా తింటలేడు. జల్ది రా." అంతే. అమ్మకి నేను ఎక్కడికి పోతున్నానో తెలియదు.

ప్యాచ్ వేయడం అయ్యేసరికి దాదాపు ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంటలో నా ఒంట్లో వేడి దిగిపోయింది. బండి తిప్పుకుని ఇంటికి వచ్చేశాను. అన్నం తిన్నాం. రాడ్డు బోరు దగ్గర పెట్టేశాను.

తర్వాత కొన్ని రోజులకి నాకు ఒక సంగతి తెలిసింది. ఆ రాత్రి చిన్నాయన ఇంట్లో లేడు. నేను వెళ్లి తలుపు కొట్టి ఉంటే, తలుపు తీసేది పదమూడేళ్ల మా చెల్లె. చిన్నాయన కూతురు. రాడ్డు పట్టుకున్న అన్నను చూసి ఉండేది.

భూమి గొడవ ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. అబద్ధం చెప్పను. కానీ మొన్న వేసవిలో ఆ చెల్లె పెళ్లయితే టెంటు, వంటల పని అంతా నేనే చూసుకున్నాను. అప్పగింతలప్పుడు అది నన్ను పట్టుకుని ఏడ్చింది. నాకు ఆ మేకు గుర్తొచ్చింది.

తమ్ముడూ, ఒక్క మాట. ఆ రాత్రి నేను మంచివాణ్ణి కాబట్టి ఆగలేదు. పంక్చర్ అయింది కాబట్టి ఆగాను. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

అబీమెలెకుకు తెలియని విషయం

ఇప్పుడు బైబిల్ తెరుద్దాం. ఆదికాండము 20వ అధ్యాయం. అబ్రాహాము గెరారుకు వెళ్తాడు. ప్రాణభయంతో శారాను తన చెల్లి అని చెప్తాడు. గెరారు రాజు అబీమెలెకు ఆమెను తన ఇంటికి తెప్పించుకుంటాడు. రాత్రి దేవుడు అతని కలలోకి వచ్చి, ఆమె ఇంకొకరి భార్య అని హెచ్చరిస్తాడు. రాజు భయపడిపోయి, నాకు తెలియదు ప్రభువా, నేను మంచి మనసుతోనే చేశాను అంటాడు. అప్పుడు 6వ వచనంలో దేవుడు ఇచ్చిన జవాబు చూడండి. నీ మనసు సంగతి నాకూ తెలుసు, నువ్వు నాకు విరోధంగా పాపం చేయకుండా నిన్ను ఆపింది నేనే, అందుకే ఆమెను ముట్టుకోనివ్వలేదు. దాని భావం ఇదీ.

గమనించారా? అబీమెలెకుకు తనను ఎవరో ఆపుతున్నారని అస్సలు తెలియదు. దేవుడు చెప్తేనే తెలిసింది. ఇంకో విషయం, 17వ వచనంలో అబ్రాహాము ప్రార్థన చేస్తే దేవుడు అబీమెలెకును, అతని ఇంటివాళ్లను బాగుచేశాడని ఉంది. అంటే ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఏదో జబ్బు ఉంది. ఆ రాజు దాన్ని చూసి, నా టైమ్ బాలేదు అనుకుని ఉంటాడేమో. కానీ ఆ కష్టం వెనకే దేవుని కాపుదల ఉంది.

మన జీవితంలో కూడా అంతే. ఆపుతున్నప్పుడు అది దేవుని చెయ్యిలా కనిపించదు. పంక్చర్‌లా కనిపిస్తుంది. నెట్ పోయినట్టు కనిపిస్తుంది. ఒక తమ్ముడు నాతో చెప్పాడు. రాత్రి ఒంటిగంటకి బెట్టింగ్ యాప్‌లో డబ్బు వేయబోతే మూడుసార్లు ట్రాన్సాక్షన్ ఫెయిల్ అయిందట. ఫోన్ విసిరికొట్టేంత కోపం వచ్చిందట. అది వాళ్ల అక్క ఫీజు డబ్బు. తెల్లారి లేచి ఆ డబ్బు అట్లాగే ఉండటం చూసి వెక్కివెక్కి ఏడ్చాడట. రాత్రి తిట్టుకున్న సర్వర్ కోసమే పొద్దున థాంక్స్ చెప్పాడు.

చెరువు కట్టకు ఎవరు దండం పెడతారు?

శామీర్‌పేట పెద్ద చెరువు చూశారా? రాజీవ్ రహదారి మీద కరీంనగర్ వైపు వెళ్తుంటే కనిపిస్తుంది. ఆదివారం అక్కడ జనం బాగా వస్తారు. సూర్యాస్తమయం ఫోటోలు, రీల్స్, బిర్యానీ. అందరూ నీళ్లనే ఫోటో తీస్తారు. కట్టను ఎవరైనా ఫోటో తీస్తారా? ఆ కట్ట లేకపోతే అక్కడ చెరువే లేదు, కింద ఊళ్లకు భద్రత కూడా లేదు. అది నిలబడినంతకాలం ఎవరూ పట్టించుకోరు. కట్ట గొప్పతనం గండి పడ్డ రోజే తెలుస్తుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో కురిసిన కుండపోత వానలు గుర్తున్నాయి కదా. పాతబస్తీ వైపు పల్లె చెరువు కట్ట తెగితే కాలనీలకు కాలనీలే మునిగిపోయాయి.

మనిషి గుండె కూడా నిండిన చెరువే. లోపల కోపం, కామం, డబ్బు ఆశ, అసూయ నిండి ఉన్నాయి. అవన్నీ ఒక్కసారి బయటికి రాకుండా దేవుడు ఎన్నో కట్టలు కట్టాడు. మనస్సాక్షి ఒక కట్ట. ఇంట్లో అమ్మానాన్నలు ఒక కట్ట. పరువు పోతుందన్న భయం కూడా ఒక కట్టే. చట్టం, పోలీసులు ఒక కట్ట. రోమా 13వ అధ్యాయంలో పౌలు, అధికారంలో ఉన్నవాళ్లు చెడు చేసేవాళ్లకు భయం కలిగించే దేవుని సేవకులని రాశాడు. అప్పుడు రాజ్యం చేస్తున్నది రోమా ప్రభుత్వం. వాళ్లు క్రైస్తవులేం కాదు. అయినా దేవుడు వాళ్లను వాడుకున్నాడు.

శనివారం రాత్రి డ్రంక్ అండ్ డ్రైవ్ చెకింగ్ ఉందని తెలిసి బీర్ సీసా పక్కన పెట్టిన అన్నలు ఎంతమంది లేరు? 2014లో హైదరాబాద్‌లో షీ టీమ్స్ వచ్చాక, బస్టాపులో వెకిలి వేషాలు వేద్దామనుకుని వెనక్కి తగ్గినవాళ్లు లేరా? ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను 2017లో తెలంగాణ ప్రభుత్వం నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి చట్టమే చేసింది. వీటి వల్ల పాపం పోయిందా? పోలేదు. కానీ ఎంతో కొంత ఆగింది. అదీ దేవుని దయే.

మరి ఈ కట్టలు దేవుడు తీసేస్తే? రోమా మొదటి అధ్యాయం చదవండి. 24, 26, 28 వచనాల్లో మూడుసార్లు పౌలు ఒకే మాట అంటాడు, దేవుడు వాళ్లను వాళ్ల ఆశలకే వదిలేశాడు అని. ఆకాశం నుంచి అగ్ని కురిపించాడని కాదు. వదిలేశాడు. అంతే. దేవుడు ఇవ్వగలిగిన భయంకరమైన శిక్షల్లో ఒకటి ఏంటంటే, "సరే, నీ ఇష్టం" అని పక్కకి జరగడం. కాబట్టి నీ దారికి అడ్డం వస్తున్నాడంటే, ఇంకా నిన్ను వదిలేయలేదని అర్థం.

దావీదు రెండు కథలు

నా పంక్చర్ కథ వింటే బైబిల్ చదివేవాళ్లకి ఒకటి గుర్తొచ్చి ఉంటుంది. 1 సమూయేలు 25. నాబాలు అనే ధనవంతుడు, 3000 గొర్రెలు, 1000 మేకలు ఉన్నవాడు, దావీదు మనుషులను అవమానించి పంపిస్తాడు. దావీదు 400 మందితో కత్తులు కట్టుకుని బయలుదేరతాడు. తెల్లారేసరికి ఆ ఇంట్లో ఒక్క మగవాణ్ణి కూడా మిగల్చను అనుకుంటాడు. గొల్యాతు ముందు విశ్వాసంతో నిలబడినవాడే. కీర్తనలు రాసినవాడే. ఆ రోజు మాత్రం పూర్తిగా కోపం చేతిలో ఉన్నాడు.

దారిలో అబీగయీలు ఎదురొస్తుంది. నాబాలు భార్య. రొట్టెలు, వండడానికి సిద్ధం చేసిన గొర్రెలు, ఎండు ద్రాక్షలు, అంజూరపు అడలు గాడిదల మీద వేసుకుని వచ్చి, దిగి, అతని కాళ్ల మీద పడుతుంది. నువ్వు రేపు రాజువి అయినప్పుడు, ఊరికే రక్తం చిందించానన్న బాధ నీ గుండెలో ఉండకూడదు అంటుంది. ఎంత తెలివైన మాట! నాబాలు మంచివాడు అని ఆమె వాదించలేదు. దావీదు భవిష్యత్తును దావీదుకు గుర్తుచేసింది.

దావీదు ఏమన్నాడో చూడండి. 32, 33 వచనాలు. మొదట, నిన్ను పంపిన దేవునికి స్తోత్రం అన్నాడు. తర్వాత, నీ బుద్ధికి స్తోత్రం అన్నాడు. ఆ తర్వాత, నువ్వు కూడా ఆశీర్వాదం పొందాలి అన్నాడు. దేవునికీ థాంక్స్, దేవుడు వాడుకున్న మనిషికీ థాంక్స్. నేనేమో ఆ పంక్చర్ షాపు పెద్దాయనకు డబ్బులిచ్చి వచ్చేశాను. థాంక్స్ చెప్పలేదు. తర్వాత వెతుక్కుంటూ వెళ్తే ఆ షాపు లేదు. అక్కడ ఇప్పుడు పెద్ద షోరూమ్ ఉంది.

ఇదే దావీదు జీవితంలో ఇంకో కథ ఉంది. 2 సమూయేలు 11. మేడ మీద నుంచి ఒక స్త్రీని చూశాడు. ఎవరని అడిగాడు. ఆమె ఊరియా భార్య బత్షెబ అని జవాబు వచ్చింది. అది వినగానే ఆగాల్సింది కదా? అది దేవుడు పెట్టిన కంచె. ఈసారి దావీదు ఆ కంచె దూకేశాడు. వ్యభిచారం, ఆ తర్వాత హత్య, ఆ తర్వాత ఇల్లంతా కత్తి.

ఒకే మనిషి. ఒక రోజు ఆగాడు, ఒక రోజు ఆగలేదు. అందుకే దావీదు కీర్తనలు 19:13లో, తెలిసి తెలిసి గర్వంతో చేసే పాపాల నుంచి నీ సేవకుణ్ణి ఆపు ప్రభువా అని ప్రార్థించాడు. క్షమించు అని అడగడం ఒక ప్రార్థన. ఆపు అని అడగడం ఇంకో ప్రార్థన. మనం మొదటిది రోజూ చేస్తాం. రెండోది ఎప్పుడు చేశాం?

ఇక్కడ జాగ్రత్త. తలుపు తెరిచి ఉంది కాబట్టి దేవుని చిత్తమే అనుకోకండి. యోనా దేవునికి దూరంగా పారిపోతుంటే, యొప్పేలో అతనికి ఓడ సిద్ధంగా దొరికింది. టికెట్ కూడా దొరికింది. దొరికిందంటే దేవుడు ఒప్పుకున్నాడని కాదు. అడ్డం రాలేదు కదా అని పాపంలోకి నడవకూడదు.

ఫ్రిజ్ వేరు, ఆటోక్లేవ్ వేరు

ఇప్పుడు అసలు పాయింట్. నేను జీనోమ్ వ్యాలీ వైపు ఒక కంపెనీలో మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పని చేస్తాను. మా ల్యాబ్‌లో శాంపిల్స్ 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్‌లో పెడతాం. ఆ చల్లదనానికి చాలా రకాల బ్యాక్టీరియా చావదు. పెరగడం తగ్గుతుంది, అంతే. తీసి ఇంక్యుబేటర్‌లో 30, 35 డిగ్రీల వేడిలో పెడితే, రెండు మూడు రోజుల్లో ప్లేటు నిండా కాలనీలు కనిపిస్తాయి. అవి కొత్తగా రాలేదు. ముందు నుంచీ ఉన్నాయి. వాటికి సరైన వేడి దొరకలేదు, అంతే.

ఆటోక్లేవ్ వేరు. 121 డిగ్రీలు, ఆవిరి ఒత్తిడి, కనీసం 15 నిమిషాలు. అందులో బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఫ్రిజ్ ఆపుతుంది. ఆటోక్లేవ్ శుభ్రం చేస్తుంది.

దేవుడు మనల్ని పాపం చేయకుండా ఆపడం ఫ్రిజ్ లాంటిది. అది గొప్ప దయే. కానీ అది రక్షణ కాదు. అబీమెలెకును ఆపాడు, లాబాను యాకోబుకు హాని చేయకుండా ఆపాడు, బిలాము నోటిని ఆపాడు. వాళ్లందరి గుండెలు మారాయని బైబిల్ చెప్పలేదు. 500 ఏళ్ల కిందట జాన్ కాల్విన్ కూడా తన పుస్తకంలో ఈ తేడా చూపించాడు. కొందరి పాపానికి దేవుడు లోపల నుంచి వైద్యం చేస్తాడు, ఇంకొందరి పాపానికి కళ్లెం మాత్రమే వేస్తాడు అన్నది ఆయన భావం.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మనలో చాలామందికి ఫ్రిజ్‌లో ఉండి పరిశుద్ధులం అనుకునే జబ్బు ఉంది. "నేను తాగను, సిగరెట్ ముట్టను, ఏ అమ్మాయి జోలికీ పోను." బాగుంది తమ్ముడూ. కానీ నీకు డబ్బు లేక తాగలేదా? అమ్మ ఫోన్ చెక్ చేస్తుందని చూడలేదా? ఊరు దాటి, హాస్టల్‌కి వచ్చి, సొంత రూమ్, సొంత జీతం, సొంత ఫోన్ వచ్చాక ఏం జరిగింది? ఇంక్యుబేటర్‌లో పెట్టగానే కాలనీలు వచ్చాయి. ఊళ్లో సండే స్కూల్ టాపర్, సిటీకి వచ్చిన ఆరు నెలలకే గుర్తుపట్టలేనట్టు మారిపోతాడు. సిటీ అతన్ని పాడు చేయలేదు. అతన్ని ఆపుతున్నవి తీసేసింది, అంతే.

కాబట్టి ఎవరైనా పడిపోయారని వింటే, వాళ్ల స్క్రీన్‌షాట్ గ్రూపులో ఫార్వర్డ్ చేసే ముందు ఒక్క క్షణం ఆగండి. వాళ్లకు దొరికిన అవకాశం, వాళ్లకున్న ఒంటరితనం, వాళ్లకొచ్చిన కోపం నాకు వచ్చి ఉంటే నేను ఎక్కడ ఉండేవాణ్ణి? అగస్టీన్ అనే భక్తుడు 1600 ఏళ్ల కిందట తన జీవితకథ రాశాడు. పదహారేళ్ల వయసులో స్నేహితులతో కలిసి పక్కవాళ్ల చెట్టుకున్న పియర్ పండ్లు దొంగతనం చేసిన సంగతి చెప్పి, ఆ తర్వాత ఒక మాట అంటాడు. దాని భావం ఏంటంటే, ప్రభువా, నేను చేసిన పాపాలను క్షమించింది నీ కృపే, నేను చేయకుండా ఉన్న పాపాలన్నీ కూడా నీ కృపే. ఆయన ఎంత లెక్క చూసినా, తన పేరు మీద వేసుకోవడానికి ఏమీ మిగల్లేదు.

మరి వాళ్లను ఎందుకు ఆపలేదు?

ఈ ప్రశ్న మీలో కొందరి గొంతులో ఉందని తెలుసు. "అన్నా, నీ బండికి పంక్చర్ చేశాడు. బాగుంది. మరి నన్ను పాడు చేసినవాడి బండికి ఎందుకు పంక్చర్ చేయలేదు?"

చెల్లీ, తమ్ముడూ, ఈ ప్రశ్నకు నా దగ్గర చిన్న జవాబు లేదు. ఉన్నట్టు నటించను. నీకు జరిగింది చిన్న విషయం కాదు. దేవుడు ఆపలేదు కాబట్టి ఆయనకు అది ఇష్టమే అని ఎవరైనా చెప్తే నమ్మకు. చేసినవాడి తప్పు చేసినవాడిదే. దాన్ని దాచమని బైబిల్ చెప్పదు. నమ్మకమైన పెద్దవాళ్లకు చెప్పు. పోలీసులకు చెప్పాల్సినదైతే చెప్పు. పిల్లలకు 1098, మహిళలకు 181, అత్యవసరమైతే 112.

బైబిల్‌లో కూడా ఆపిన చోట్లు ఉన్నాయి, ఆపని చోట్లు ఉన్నాయి. యోసేపు అన్నలు అతన్ని చంపబోతే రూబేను మాట అడ్డం వచ్చింది. ప్రాణం దక్కింది. కానీ అమ్మేయడం మాత్రం ఆగలేదు. ఆ గుంటలో పడి ఏడుస్తున్న పిల్లాడికి ఎందుకో తెలియదు.

నాకు తెలిసింది ఒకటే. యోహాను సువార్త 7:30, 8:20 చూడండి. యేసును పట్టుకోవాలని చూశారు, కానీ ఎవరూ చెయ్యి వేయలేకపోయారు. ఆయన గడియ ఇంకా రాలేదు కాబట్టి. కట్ట గట్టిగా ఉంది. తర్వాత గెత్సేమనే తోటలో, లూకా 22:53, యేసే అన్నాడు, ఇది మీ గడియ, చీకటి అధికారం అని. ఆ రాత్రి తండ్రి కట్ట తెంచాడు. మనుషుల గుండెల్లో ఉన్న విషమంతా, అసూయ, అబద్ధపు సాక్ష్యం, కొరడాలు, ఉమ్ములు, మేకులు, అన్నీ ఒక్కసారిగా ఆయన కుమారుడి మీదకు వచ్చిపడ్డాయి. ఆపగలిగినవాడు ఆపలేదు. మనం వదిలివేయబడకూడదని ఆయన వదిలివేయబడ్డాడు.

నా టైరులో గుచ్చుకున్న మేకు నన్ను ఒక్క రాత్రి ఆపింది. ఆయన చేతుల్లో దిగిన మేకులు నన్ను మారుస్తున్నాయి. మొదటిది ఫ్రిజ్. రెండోది నన్ను లోపల నుంచి శుభ్రం చేసేది. ఈ రెండూ ఒకే దేవుడి దయ. కానీ మొదటి దాంట్లోనే ఆగిపోకండి. తీతు 2:11, 12లో, రక్షించే కృప మనకు పాపానికి "వద్దు" అని చెప్పడం నేర్పిస్తుందని ఉంది. ఒకప్పుడు బయట నుంచి ఎవరో పట్టుకుంటే ఆగాం. ఇప్పుడు లోపల నుంచి ఆగడం నేర్చుకుంటున్నాం.

ఈ వారం మూడు పనులు

ఒకటి. ఈ రాత్రి ఫోన్‌లో నోట్స్ ఓపెన్ చేయండి. జరగబోయి జరగని పాపాలు కనీసం మూడు రాయండి. ఎవరికీ చూపించకండి. పంపలేకపోయిన మెసేజ్, దొరకని రూమ్, రాని లోన్, ఆ టైమ్‌కి వచ్చిన ఫోన్. ఒక్కొక్కటి చదువుతూ థాంక్యూ ప్రభువా అనండి. అప్పట్లో వాటి కోసం దేవుణ్ణి తిట్టి ఉంటే, సారీ కూడా చెప్పండి.

రెండు. మీ చుట్టూ ఉన్న కంచెను మీరే కత్తిరించకండి. హోషేయ 2:6లో దేవుడు, తప్పిపోతున్న తన జనం దారికి ముళ్లకంచె వేస్తాను అంటాడు. ముళ్లు గుచ్చుకుంటాయి, నిజమే. "ఎన్నింటికి వస్తావ్?" అని అడిగే అమ్మ, "ఆ ఫ్రెండ్‌తో జాగ్రత్త" అనే అక్క, చర్చిలో నిలదీసే అన్న. వాళ్లను బ్లాక్ చేయకండి. దావీదులాగా వాళ్లకు థాంక్స్ చెప్పండి. వీలైతే ఈ రోజే. ఆ షాపు రేపు ఉండకపోవచ్చు.

మూడు. ఇంకొకరికి మీరు అబీగయీలు అవ్వండి. మీ ఫ్రెండ్ రాత్రిపూట కోపంగా, లేదా బాగా కుంగిపోయి స్టేటస్ పెడితే, లైక్ కొట్టి వదిలేయకండి. ఫోన్ చేయండి. పెద్ద ప్రసంగం అక్కర్లేదు. మా అమ్మ నాకు ఒక్క వాక్యం కూడా చెప్పలేదు. అన్నానికి రమ్మంది, అంతే.

ప్రార్థన చేసుకుందాం. కళ్లు మూసుకోండి. బండి నడుపుతున్నవాళ్లు మాత్రం మూసుకోకండి.

పరలోకమందున్న మా తండ్రీ, మీకు వందనాలు. మేము చేసిన పాపాలు మాకు తెలుసు. మేము చేయకుండా మీరు ఆపినవి ఎన్నో మాకు తెలియదు. తెలిసినవాటి కోసం, తెలియనివాటి కోసం కూడా మీకు స్తోత్రం. మూసిన తలుపుల ముందు మేము సణిగినందుకు క్షమించండి. మీరు ఆపినందుకు ఆగిపోయి, మేమే మంచివాళ్లం అనుకున్నందుకు క్షమించండి. మమ్మల్ని మా ఇష్టానికి వదిలేయకండి. ఇతరుల పాపం వల్ల గాయపడి ఈ మాటలు వింటున్నవారిని మీరే దగ్గరికి తీసుకోండి, వారికి న్యాయం చేయండి. ఈ రాత్రి కోపంతో ఎక్కడికో బయలుదేరిన బిడ్డ ఎవరైనా ఉంటే, ప్రభువా, వాళ్లను దారిలోనే ఆపండి. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.

దేవుడు మిమ్మల్ని ఎలా ఆపాడో కామెంట్‌లో రాయాలనిపిస్తే రాయండి. పేర్లు, వివరాలు వద్దు. ఈ ఎపిసోడ్ అవసరమైన ఒక్కరికి పంపండి. వచ్చే వారం మళ్లీ కలుద్దాం.